కౌబెక్ గారి కిటికీలో ఆరు గుమ్మడికాయలు

లోమాక్స్ ఊళ్లో అక్టోబరు ఆఖర్న దయ్యాల పండగ హాలోవీన్ వచ్చిందంటే పెద్ద వీధిలోని దుకాణాల అద్దాలన్నీ బడిపిల్లల చేతుల్లోకి పోతాయి. పెద్ద క్లాసుల వాళ్లు గీతలు గీస్తారు, చిన్న క్లాసుల వాళ్లు రంగులు నింపుతారు. రంగులో గిన్నెలు తోమే సబ్బు కాస్త కలుపుతారు కాబట్టి పండగ అయిపోయాక రెండు బకెట్ల నీళ్లు కొడితే అద్దం ఎప్పటిలాగే ఉంటుంది. సాయంత్రం ఆరింటికి వేషాలు కట్టిన పిల్లలు ఆ బొమ్మలన్నీ చూసుకుంటూ వీధి పొడవునా ఊరేగి, మూల తిరిగి, చర్చి కింద ఉన్న హాల్లోకి చేరతారు. అక్కడ పెద్ద గిన్నెల్లో మాంసం, చిక్కుడుగింజలు వేసి వండిన, పొగలు కక్కే చిల్లీ కూర, పక్కనే దాల్చినచెక్క పొడి చల్లిన తియ్యటి రొట్టెచుట్టలు సిద్ధంగా ఉంటాయి. ఆ రెండూ కలిపి తినడమేమిటని పైఊరి వాళ్లు అడుగుతారు గానీ ఇక్కడ, అమెరికా నడుమనున్న నెబ్రాస్కాలో పుట్టినవాళ్లకి ఆ అనుమానమే రాదు.

ఆ ఏడాది సరిగ్గా మూల మీద ఉన్న కౌబెక్ గారి ఇనప సామాన్ల దుకాణం కోరా వాటాకి వచ్చింది. వచ్చింది అనడం కన్నా తనే అడిగి తీసుకుంది అనాలి. కోరాకి పదిహేనేళ్లు. క్లాసులో హాజరు పలకడానికే గొంతు సవరించుకునే పిల్ల. బొమ్మల టీచరు దుకాణాల పేర్లు చదువుతుంటే ఆమె చెయ్యి సగం లేచి, మళ్లీ దిగి, మళ్లీ లేచింది. టీచరు ఆశ్చర్యపోయి ఇంకో ప్రశ్న వేయకుండా పేరు రాసేసుకున్నాడు.

అడగడానికి కారణం చెల్లెలు టిల్లీ. కిందటేడు ఊరేగింపులో బ్యాంకు కిటికీ దగ్గరికి వచ్చేసరికి మట్టిలోంచి పైకి లేస్తున్న చెయ్యి ఒకటి, పొడుగాటి గోళ్లతో సహా, అద్దం నిండా కనబడింది. టిల్లీకి అప్పుడు నాలుగేళ్లు. తేనెటీగ వేషంలో నడిరోడ్డు మీద చతికిలబడి, వెనకున్న నలభైమంది పిల్లల్ని కదలనివ్వకుండా ఏడ్చింది. నాన్న వచ్చి భుజాన వేసుకుని తీసుకెళ్లాడు. ఆ సంగతి బళ్లో ఇప్పటికీ మరిచిపోలేదు. ఎవరైనా కాస్త బెదిరితే చాలు, తేనెటీగలాగా కూచుంటావా అని అడుగుతారు.

ఈసారి తను నడవనని టిల్లీ మూడు వారాల ముందే తేల్చి చెప్పింది. పోనీ వదిలేయండి, బలవంతమేముంది అంది అమ్మ. కానీ కోడిపెట్ట వేషం కుట్టించుకున్నది టిల్లీయే. ఆ వేషం మంచం కింద కాదు, దిండు పక్కన ఉంది. ఆ గదిలోనే పడుకునే కోరాకి అది కనబడుతూనే ఉంది. ఒక పొద్దున జడ వేస్తూ మెల్లిగా కదిపితే టిల్లీ బేరం పెట్టింది.

"ఒక్క కిటికీ భయపెట్టనిది ఉంటే, దాని కోసం వస్తా. నిజంగా భయపెట్టనిదే ఉండాలక్కా. గుమ్మడికాయల మొహాల్లో కళ్లు తెరుచుకుని ఉండకూడదు."

అందుకని కోరా నోటు పుస్తకంలో నాలుగుసార్లు బొమ్మ వేసింది. ఒక దిబ్బ, దాని మీద గడ్డి కొట్టం, పైన నిండు చందమామ, కొట్టం చూరు మీద కునుకు తీస్తున్న గుడ్లగూబ, కింద కంచె పొడుగునా ఆరు గుమ్మడికాయలు, ఆరూ హాయిగా కళ్లు మూసుకుని. మూడోసారి వేసినప్పుడు ఒక పిల్లి కూడా ఉండేది. అది ఏదో ఆలోచిస్తున్నట్టుంది, వద్దు అని టిల్లీ కొట్టేయించింది. నాలుగోది ఒప్పుకుంది.

తీరా హాలోవీన్ నాడు పొద్దుటినుంచే ముసురు పట్టింది. ఉత్తరపు గాలి వాననీళ్లని పక్కలకి విసిరికొడుతోంది. మధ్యాహ్నం ఒంటిగంటకి బడి వదిలేశారు. మిగతా దుకాణాల కిటికీల మీద గుడ్డ పందిళ్లు ఉన్నాయి కాబట్టి వాటి కింద చేరి పిల్లలు పని మొదలుపెట్టారు. కౌబెక్ గారి పందిరి మాత్రం జూన్‌లో పడిన వడగళ్లకి చిరిగిపోయింది. మళ్లీ వేయించలేదు. కోరా ఒక గీత గీసి చూసింది. అది గీతగా ఉండకుండా కిటికీ అడుగుకి కారిపోయింది.

కోరా వెంట రంగులు నింపడానికి నలుగురు పిల్లలున్నారు. టిల్లీ, ఇద్దరు కవలలు నెల్, రోజ్, ఇంకా ఆరేళ్ల ఓటిస్. అందరి ముక్కులూ ఎర్రబడ్డాయి. మిసెస్ కౌబెక్ తలుపు తీసి వాళ్లని చూసింది. ఆమెకి డెబ్బై దాటాయి. భర్త పోయాక దుకాణం తనే చూసుకుంటోంది.

"లోపలికి రండమ్మా, లోపల్నుంచే వేసుకోండి. అద్దం ఎటునుంచైనా అద్దమేగా," అంది.

ఆ మాట ఎవరికీ తప్పుగా అనిపించలేదు. కిటికీ అరుగు మీదున్న మంచు ఎత్తే పారలు, పిట్టల గింజల బస్తాలు ఆమే పక్కకి జరిపించింది. ఇంటినుంచి తెచ్చిన కొలాచీలు, అంటే నడుమ ఆప్రికాట్ గుజ్జు పెట్టిన మెత్తటి బన్నులు, పళ్లెంలో పెట్టి అందరికీ పంచింది. తిన్నాక చేతులు కడుక్కోమంది, తినకముందు ఏం చేశారో అడగలేదు.

చిన్నపిల్లల దగ్గర కోరా నోరు కట్టుకుపోదు. అదేమిటోగానీ మోకాళ్ల ఎత్తు మనుషులతో మాట్లాడటానికి ఆమెకి మాటలు వెతుక్కోవాల్సిన పనే ఉండదు. కాగితం మీద రంగులు వేయించేటప్పుడు వాళ్లకి వారం రోజులుగా ఒకటే నేర్పింది. ముందు దూరంగా ఉన్నది, తరువాత దగ్గరగా ఉన్నది. ముందు ఆకాశం, ఆ పైన దిబ్బ, ఆ పైన కొట్టం, చిట్టచివర గుమ్మడికాయలు. అలా చేస్తే ఒకదాని రంగు ఇంకొకదానిలో కలవదు. పిల్లలు ఆ పాఠం బాగా పట్టుకున్నారు. నలుగురూ కలిసి ముదురు నీలం రంగుతో అద్దాన్ని అంచుల దాకా నింపేశారు. ఒక చోట కూడా సందు వదలలేదు. దుకాణంలోని చిన్న హీటరు అరుగు దగ్గర పెట్టి ఆరబెట్టారు.

దాని మీద దిబ్బ లేచింది. దిబ్బ మీద ఎర్రటి కొట్టం. నిచ్చెనెక్కి చందమామ వేసింది కోరా, దాని బుగ్గలు నింపింది నెల్. ఓటిస్ ఎవరినీ అడగకుండా తన కుక్కని కంచె పక్కన పడుకోబెట్టాడు. టిల్లీ వచ్చి దాన్ని రెండు పక్కలనుంచీ పరీక్ష చేసి, నిద్రపోతోంది కాబట్టి ఉండనీ అంది. ఆఖరి గుమ్మడికాయకి ఆఖరి కనురెప్ప పెట్టేసరికి నాలుగు దాటింది. ఐదుగురూ వెనక్కి వచ్చి బస్తాల మీద కూచుని చూసుకున్నారు. నిజంగానే బాగుంది. ఆ బొమ్మని చూస్తుంటే మెల్లిగా మాట్లాడాలనిపించేటట్టు ఉంది.

అప్పుడే లైల్ అనే ముసలి రైతు గేటు గొలుసు కోసం లోపలికి వచ్చాడు. టోపీ మీది నీళ్లు దులుపుకుంటూ మిసెస్ కౌబెక్‌ని పలకరించాడు.

"ఏంటి, కొట్టు మూసేస్తున్నావా ఏంటి? కిటికీకి నీలం దుప్పటి కట్టావు."

"దుప్పటేంటి నీ మొహం. కళ్లజోడు తుడుచుకో," అంది ఆమె.

అతను వెనక్కి తిరిగి చూశాడు. బొమ్మని చూశాడు, పిల్లల్ని చూశాడు, మళ్లీ బొమ్మని చూశాడు. లోపల్నుంచి చక్కగానే ఉందే అని గొణిగి, గొలుసుల వైపు గబగబా వెళ్లిపోయాడు.

కోరా కోటు కూడా తొడుక్కోకుండా బయటికి వెళ్లింది.

బయట నీలం తప్ప ఇంకేమీ లేదు. ఈ అంచునుంచి ఆ అంచుదాకా ఒకటే నీలం, కుంచె పోయిన జాడలతో. చందమామ లేదు, దిబ్బ లేదు, కొట్టం లేదు. అద్దానికి వీధివైపు ఆనుకుని ఉండేది ముందు పూసిన రంగేనని, తరువాత వేసినవన్నీ దాని వెనకే దాక్కుంటాయని ఆమెకి అప్పుడు తెలిసింది. బయటనుంచి వేసేవాళ్లకి ఏది వెనకో, లోపలనుంచి వేసేవాళ్లకి అది ముందు. ఊళ్లో ఇన్నేళ్లుగా అందరూ బయటనుంచే వేశారు కాబట్టి ఇది ఆలోచించాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. వారమంతా తను నేర్పిన పాఠాన్ని పిల్లలు ఒక్క పొల్లు పోకుండా పాటించినందువల్లే ఈ గతి పట్టింది. వాళ్లు కాస్త అల్లరిగా, అక్కడక్కడా సందులు వదిలి పూసి ఉంటే ఏదో ఒకటి కనబడి ఉండేది.

కడిగి మళ్లీ వేయడానికి పొద్దు లేదు. టీచరు వీధి ఆ చివర అగ్నిమాపక కేంద్రం దగ్గర ఉన్నాడు. అక్కడికి పరుగెత్తి, అంతమంది పెద్ద పిల్లల ముందు ఇదీ సంగతి అని చెప్పడం తలుచుకుంటేనే ఆమె కాళ్లు నేలకి అతుక్కున్నాయి. అంతకన్నా పెద్ద బాధ లోపల ఉంది. కిటికీ లేదంటే టిల్లీ నడవదు. ఈ ఏడు నడవకపోతే వచ్చే ఏడు అసలే నడవదు. పెద్దయినా హాలోవీన్ వస్తే తలుపు వేసుకుని కూచునే మనిషి అవుతుంది. అలాంటి మనిషి ఎలా ఉంటుందో కోరాకి ఒకరు చెప్పక్కర్లేదు.

వాన జుట్టులోంచి మెడ మీదకి దిగుతోంది. ఉన్నట్టుండి నీలంలో, ఆమె నడుము ఎత్తున, చిన్న చుక్క ఒకటి వెలిగింది. చుక్క కాస్త పెద్దదై శనగగింజంత అయింది. తరువాత అది ఆరిపోయి, దాని స్థానంలో ఒక కన్ను కనబడింది.

టిల్లీ కన్ను అది. అక్క ఎక్కడికి పోయిందో చూద్దామని గోటితో రంగు గీకింది. కన్ను పక్కకి తప్పుకోగానే దుకాణంలోని దీపం వెలుగు ఆ కంతలోంచి వీధిలోకి వచ్చింది. మబ్బు పట్టి అప్పటికే మసకబారిన వీధిలో అదొక్కటే పచ్చగా ఉంది. కోరా దాన్ని చూస్తూ నిలబడింది. నీలం ఎలాగూ ఉంది. బొమ్మలో రాత్రి వచ్చేసినట్టే. ఇక వెలుగుండాల్సిన చోట్ల వెలుగు ఉంటే చాలు.

ఆమె లోపలికి వచ్చేసరికి టిల్లీ వేలు వీపు వెనక దాచుకుంది. చిన్నదే చేశాను, నువ్వు కనబడలేదు అందుకని, అంటూ ముందే చెప్పేసింది. కోరా మోకాళ్ల మీద కూచుంది. చెప్పడం తప్పదు. ఇది కూడా చిన్నపిల్లలకే చెప్పాలి కాబట్టి ఎలాగో చెప్పగలిగింది.

"మనం వేసిన బొమ్మ వీధిలోకి కనబడటం లేదు. లోపల్నుంచి వేసేటప్పుడు అన్నీ తిరగేసి వెయ్యాలట, నాకు తెలీలేదు. తప్పు నాది, మీరు బాగా వేశారు. ఇప్పుడు కొంచెం గీకితే కనబడుతుంది. కానీ మనకి లోపల కనబడే బొమ్మ పోతుంది."

నెల్ పెదవి వణికింది. అది చూసి రోజ్ పెదవి కూడా వణికింది. చందమామ తనది కదా అని నెల్ అడిగింది. గీకినా నీదే, ఇంకా ఎక్కువ మెరుస్తుంది అని కోరా చెప్పింది. ఓటిస్ మాత్రం కుక్కకి అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాడు. దాన్ని గీకితే దానికి నొప్పి పుడుతుందన్నాడు. ఎంత చెప్పినా జరగలేదు. చివరికి మిసెస్ కౌబెక్ కల్పించుకుంది.

"దాన్ని వదిలెయ్ అమ్మాయ్. నాకూ లోపలికి ఒక కాపలా కుక్క కావాలి," అంది.

ఆమె గల్లా వెనక అరలోంచి, గోడకి పుట్టీ పెట్టే ప్లాస్టిక్ బద్దలు గుప్పెడు తీసి పంచింది. ఇవి తెచ్చి రెండేళ్లయింది, ఒక్కరూ కొనలేదు, ఇన్నాళ్లకి పనికొచ్చాయి అంది. ఇక గీకుడు మొదలైంది. సబ్బు కలిపిన రంగు కాబట్టి పొరలు పొరలుగా లేచి, చుట్టలు చుట్టుకుని అరుగు మీద పడుతోంది. చందమామ చుట్టూ కోరా గీత పెడితే నెల్ మధ్యంతా ఖాళీ చేసింది. కొట్టం కిటికీ రోజ్ తీసింది. గుమ్మడికాయల్ని ముందు గీకి, ఆ ఖాళీ అద్దం మీద పల్చటి నారింజ రంగు పూస్తే, ఈసారి అది నిజంగానే వీధివైపు ఆనుకుంది. మూసిన కనురెప్పల కోసం మాత్రం నీలపు గీతని అలాగే ఉంచి దాని పైనా కిందా గీకాలి. అది చిన్న చేతులతో అయ్యే పని కాదు. పన్నెండు కళ్లూ కోరాయే ఊపిరి బిగబట్టి తీసింది.

గుడ్లగూబని టిల్లీ అడిగి తీసుకుంది. గీకగా గీకగా అది పెద్దదవుతూ పోయి, రెక్కలున్న బంగాళాదుంపలా తయారైంది. టిల్లీకి అది బాగానే నచ్చింది. పని లేని వేళ్లతో కవలలు చుక్కలు పొడవడం మొదలుపెట్టారు. ఆకాశంలో ఇంక చోటు లేదని మూడుసార్లు చెబితేగానీ ఆపలేదు.

ఆరుకి పావుగంట ఉందనగా ఒక్కొక్కరూ బయటికి పరుగెత్తి చూసి, లోపలికి వచ్చి మిగతావాళ్లకి చెప్పారు. చందమామ ఉంది, కొట్టంలో దీపం ఉంది అన్నారు. కుక్క కనబడలేదు, కానీ అక్కడే ఉందని నాకు తెలుసు అన్నాడు ఓటిస్. టిల్లీ ఒక్కతే కదల్లేదు.

"నువ్వు చూడవా?" అంది కోరా.

"ఇప్పుడే చూసేస్తే నడిచేదెందుకు?"

అమ్మ కోడిపెట్ట వేషం పట్టుకుని వచ్చింది. చలికి లావు కోటు తొడిగి, దాని మీద వేషం ఎక్కించి, ముక్కుకి పసుపు అట్టముక్క రబ్బరుతో కట్టింది. ఆ ఊళ్లో వేషాలన్నీ కోటుకి సరిపోయేట్టే కుడతారు కాబట్టి కోడిపెట్ట మరీ బలిసినట్టు ఉన్నా ఎవరూ నవ్వరు. కోరా ఈలోగా ఒక్కసారి బయటికి వెళ్లి కిటికీ చూసి వచ్చింది. చందమామ, చుక్కలు, దుంపలాంటి గుడ్లగూబ. కింద వరసగా గుమ్మడికాయలు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఐదోదాని దగ్గర ఆమె చూపు ఆగింది. దాని ఎడమ కనురెప్ప ఎండి రాలిపోయింది. నీలపు గీత ఉండాల్సిన చోట గుండ్రటి వెలుగు మచ్చ ఉంది. గుమ్మడికాయ ఒంటికన్ను తెరిచి వీధిలోకి చూస్తోంది.

రంగు డబ్బాలు అప్పటికే కడిగేశారు. వీధి చివర బాజా మోగింది. అమ్మ టిల్లీ చెయ్యి తెచ్చి కోరా చేతిలో పెట్టింది. కిటికీ టిల్లీ కంటపడకుండా వెనక తలుపులోంచి బయటపడి ఇద్దరూ ఊరేగింపు బయలుదేరే చోటికి వెళ్లారు.

ఊరేగింపు అంటే కోరాకి పడదు. ఏటా ఆ సమయానికి చర్చి హాల్లో గిన్నెలు సర్దే పనిలో దూరిపోయేది. ఇవాళ దారికి రెండు పక్కలా గొడుగుల కింద నిలబడిన ఊరంతా తనని చూస్తున్నట్టే అనిపించింది. కానీ గ్లవుజు లోపల చిన్న చెయ్యి తన వేలిని ఎంత గట్టిగా పట్టుకుందంటే తన సంగతి ఆలోచించడానికి తీరిక దొరకలేదు. వాన సన్నబడింది. బ్యాంకు కిటికీలో ఈసారి చెయ్యి లేదు, కాకపోతే నోరంతా పళ్లున్నదేదో ఉంది. టిల్లీ అట్టముక్కుని కళ్ల మీదకి లాక్కుని, పాదాలు చూసుకుంటూ ఆ పది గజాలూ దాటింది. వెనకనుంచి ఎవరో తేనెటీగ అన్నారు. టిల్లీ ఆగలేదు. నేను ఇప్పుడు కోడిని, అని నేలకేసి చెప్పింది.

మూల వచ్చింది. కౌబెక్ గారి దుకాణంలో దీపాలన్నీ వేసి ఉన్నాయి. తడి రోడ్డు మీద కూడా పచ్చటి వెలుగు పడుతోంది. కోరా మెల్లిగా, వచ్చేశాం అంది. అంతకు మించి చెప్పడానికి ధైర్యం చాలలేదు.

టిల్లీ ముక్కు పైకి ఎత్తి చూసింది. ముందు చందమామని, తరువాత గుడ్లగూబని చాలాసేపు, తరువాత వేలు చాపి గుమ్మడికాయల్ని లెక్కపెట్టింది. ఐదోదాని దగ్గర వేలు ఆగిపోయింది. కోరా చేతిలోని చెయ్యి బిగుసుకుంది. కోరా వంగి, చెల్లెల్ని ఎత్తుకోవడానికి సిద్ధంగా ఉంది.

"అదొకటి లేచింది," అంది టిల్లీ.

"రంగు ఊడిపోయింది. నేను చూసుకోలేదు. రేప్పొద్దున..."

"కాదు. బాజా మోగింది కదా, నిద్ర చెడింది దానికి." టిల్లీ చెయ్యి విడిపించుకుని అద్దం దగ్గరికి నడిచింది. కోటు లావుగా ఉండటం వల్ల వంగలేక, అద్దానికి ముక్కు ఆనించి నిలబడింది. "ఏం లేదు. మేమే. పడుకో."

గుమ్మడికాయ పడుకుందో లేదో చూడటానికి కాసేపు ఆగింది. వెనక పిల్లలు పక్కనుంచి దాటుకుని పోతున్నారు. ఓటిస్ ఎవరికో కంచె పక్కన కనబడని కుక్క గురించి చెబుతున్నాడు. గొడుగు కింద నిలబడ్డ ఒకావిడ ఈ కిటికీ ఎవరు వేశారని పక్కావిడని అడిగింది. మేమే వేశాం అంది కోరా. అంది గానీ తన గొంతే తనకి వినబడి చెవులు వేడెక్కాయి. ఆవిడ నవ్వి తల ఊపింది. అంతకన్నా ఏమీ కాలేదు.

టిల్లీ తిరిగి వచ్చింది. అట్టముక్కు తడిసి ఒక పక్కకి వేలాడుతోంది.

"పదక్కా," అంది. "చలేస్తోంది. రొట్టెచుట్టలు అయిపోతాయి."

చెయ్యి పట్టుకోమని అడగలేదు. మూల తిరిగి, ఓటిస్‌ని అందుకోవడానికి కోడిపెట్టలాగే అటూ ఇటూ ఊగుతూ పరుగెత్తింది. కోరా తన నడకన తాను వెనకాలే వెళ్లింది.